నవలల్ని సినిమాలుగా తీసేవారికి కోనసీమ నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు సినిమా దర్శకులకు, నిర్మాతలకు, స్క్రీన్‌ప్లే రచయితలకు నమస్కారం.

నేను కోనసీమలో ఒక పల్లెటూరి మనిషిని. బడిలో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయంలో సాయంత్రాలు కూర్చుని పిల్లలకి పుస్తకాలు వెతికి ఇస్తూ ఉంటాను. తెలుగు నవలల్ని సినిమాలుగా, వెబ్ సిరీస్‌లుగా తీయాలన్న ఆలోచన మీలో కొందరికి మళ్లీ వస్తోందని వింటున్నాను. చాలా ఆనందంగా ఉంది. దాంతోపాటు కొంచెం టెన్షన్ కూడా ఉంది. అదెందుకో చెప్పాలంటే ఒక పాత సంగతి చెప్పాలి.

నా చిన్నప్పుడు మా ప్రాంతపు రచయిత ఒకాయన నవల వారపత్రికలో సీరియల్‌గా వచ్చేది. ఆ నవల పేరూ, దాన్ని తీసిన సినిమా పేరూ రాయను. తీసినవాళ్లని ఇన్నేళ్ల తర్వాత నొప్పించాలని నాకు లేదు. మా మామ్మకి చదవడం రాదు. పత్రిక రాగానే వీధి అరుగు మీద కూర్చుని నేను పైకి చదవాలి. మామ్మా, పక్కింటి దొడ్డమ్మా, మా దొడ్లో కొబ్బరికాయలు ఒలవడానికి వచ్చే ఆడవాళ్లూ చుట్టూ చేరి వినేవారు. వారం మధ్యలో బావి దగ్గర, రేవులో ఆ కథే మాట్లాడుకునేవారు.

కథ 1953 వరద నాటిది. భర్త పోయిన ఒక ఆవిడకి గోదావరి మధ్య లంకలో రెండెకరాలుంది. పై నుంచి వరద వస్తోందని తెలుస్తుంది. అందరూ ఊరొదిలి వెళ్దామంటారు. ఒక పగలూ ఒక రాత్రీ ఆలోచించుకుని, పిల్లల్ని పుట్టింటికి పంపేసి, తను మాత్రం ఏటిగట్టు మీదే ఉండిపోతుంది. వెళ్తే మరిది ఆ పొలం తిరిగి తన చేతికి రానివ్వడని ఆవిడకి తెలుసు. నీళ్లు తీశాక చూస్తే పొలం మీద మోకాలి లోతు ఇసుక మేట. ఆ ఇసుకలోనే దోసపాదులు పెట్టుకుని నిలబడుతుంది. కథంతా అంతే. విలన్ అంటూ ఎవరూ లేరు. మరిది కూడా చెడ్డవాడేం కాదు, తన పిల్లల గురించి తను చూసుకునేవాడు.

కొన్నేళ్లకి దాన్ని సినిమాగా తీశారు. మా చుట్టుపక్కలే షూటింగ్. మా ఊరి పడవలు వాడుకున్నారు, మా వాళ్లు గుంపులో నటించారు. మామ్మ వాళ్లకి బొండాలు కొట్టించి ఇచ్చింది. సినిమా రిలీజైన వారం బస్సెక్కి అందరం అమలాపురం వెళ్లాం. తెర మీద అర్ధరాత్రి వరద ఒక్కసారిగా మీద పడింది. ఊరి పెద్ద ఒకడు కక్షకొద్దీ గట్టుకి గండి కొట్టించాడట. నవలలో లేని హీరో పడవ మీద వచ్చి ఆవిణ్ణి కాపాడాడు. ఇంటికొచ్చే దారిలో మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. బస్సు దిగాక అంది: "గోదారి అలా రాదు కదే. అయినా ఆవిడ చేసిన పని ఆవిడ చేత చేయించకుండా ఎవడో చేసేశాడేంటే?"

సినిమాకీ నవలకీ ఉండాల్సిన సంబంధం గురించి నేను తర్వాత చాలా వ్యాసాలు చదివాను. మామ్మ అడిగిన ప్రశ్నని దాటి వెళ్లినది నాకొక్కటీ కనిపించలేదు.

గోదావరి వరద ఎలా వస్తుందో మీకు కొంచెం చెప్పనివ్వండి. అందులోనే నా బాధంతా ఉంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎంతుందో ముందు మాకు తెలుస్తుంది. అక్కడ పెరిగిన నీళ్లు ధవళేశ్వరం ఆనకట్ట దాటి మా పాయల్లోకి రావడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ఆ రోజు ఊరు నిద్రపోదు. ధాన్యం బస్తాలు అటకెక్కుతాయి. గొడ్లని గట్టు మీదికి తోలుతారు. రేవులో ఒక కర్ర పాతి, గంట గంటకీ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూస్తారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నేనూ లాంతరు పట్టుకుని ఆ కర్ర దగ్గర నిలబడ్డాను. ఆ ఎదురుచూపులో మనుషులు ఎప్పుడూ అనని మాటలు అంటారు, ఎప్పుడూ తీసుకోని నిర్ణయాలు తీసుకుంటారు. ఆస్తి తగాదాలో ఇరవై ఏళ్లు మాటల్లేని అన్నదమ్ములు ఆ రాత్రి కలిసి బస్తాలు మోయడం నా కళ్లతో చూశాను.

నవలలో ఆవిడ మనసు గట్టిపడింది ఆ ఎదురుచూపులోనే. సినిమాలో నీళ్లు ఒక్కసారిగా వచ్చేసరికి ఆవిడకి ఆలోచించుకునే సమయమే లేకుండా పోయింది. ఆవిడ ఆలోచించాల్సిన చోట ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీలోకి హీరో వచ్చాడు. వరద వచ్చే తీరు మార్చడం చిన్న మార్పేనని తీసినవాళ్లు అనుకుని ఉంటారు. దానివల్ల కథ ఆవిడ చేతిలోంచి జారిపోయింది.

అందుకే మిమ్మల్ని నేను అడిగేది ఒక్కటే. సంఘటనలు మార్చుకోండి, పాత్రల్ని తగ్గించుకోండి, ముందుది వెనక్కి, వెనకది ముందుకి జరుపుకోండి. కానీ ఒక మనిషి ఒక పని ఎందుకు చేసిందో, ఆ కారణాన్ని మాత్రం మార్చకండి. ఆ కారణం నేలలోంచి, నీళ్లలోంచి, ఆ ఊరి బతుకులోంచి పుట్టినదైతే ఆ నేలని కూడా మార్చకండి.

నవలని అక్షరం పొల్లుపోకుండా తీయాలని నేను అనడం లేదు. నాలుగు వందల పేజీల పుస్తకం పైకి చదివితే మా అరుగు మీద నెలల తరబడి సాగేది. రెండున్నర గంటల్లో అది పట్టదని నాకు తెలుసు. ఒక పేరున్న నవలని టీవీ సీరియల్‌గా తీసినప్పుడు ఒక్క డైలాగు కూడా వదలకుండా పెట్టారు. చూడలేకపోయాను. పుస్తకంలో మనసులో అనుకునే మాటల్ని పాత్రలు గోడకేసి చూస్తూ పైకి చెప్పేవి. అదీ నవల పట్ల విధేయతే కావచ్చు, దానికి మాత్రం మేలు చేయలేదు.

గొప్పవాళ్లు చేసింది వేరు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' 1955లో వచ్చింది. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల అంతకు పాతికేళ్ల పైనుంచే ఉంది. మద్దిపట్ల సూరి గారి పుణ్యమా అని మనం తెలుగులో చదువుకున్నాం. నవలలో ముసలి ఇందిర్ ఠాక్రూన్ మొదట్లోనే చనిపోతుంది. సినిమాలో చాలాసేపు ఉంటుంది, ఆ ఇంటి పిల్లలు దుర్గ, అపుల బాల్యంతో కలిసిపోతుంది. నవలలో దుర్గకి రైలు చూడాలన్న కోరిక తీరదు. జబ్బుతో పడుకుని, ఒకరోజు నాకు రైలు చూపిస్తావా అని తమ్ముణ్ణి అడుగుతుంది. సినిమాలో అక్కాతమ్ముళ్లు రెల్లుపూల మధ్య నుంచి రైలు కోసం పరిగెత్తుతారు. మా లంకల్లో శరదృతువులో ఆ రెల్లే పూస్తుంది, అందుకని ఆ సీన్ మాకు మరీ దగ్గరిది. ఇన్ని మార్చినా ఆ నవల ప్రేమికులు రాయ్‌ని మనసారా ఒప్పుకున్నారు. పేదరికంలో కూడా ఆ పిల్లలకి లోకం మీద ఆశ్చర్యం ఎందుకు చావలేదో, ఆ మూలం ఆయన వదల్లేదు.

అదే 1955లో మనవాళ్లూ ఒకటి చేశారు. 'బంగారు పాప' బి.ఎన్. రెడ్డి గారి సినిమా. మూలం జార్జ్ ఎలియట్ అనే ఇంగ్లీషు రచయిత్రి నవల 'సైలస్ మార్నర్'. దాన్ని తెలుగు చేసింది మా అత్తిలి దగ్గర తిరుపతిపురంలో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు గారు, 'గాలివాన' రాసినాయన. ఇంగ్లాండ్ పల్లెలో మగ్గం నేసే సైలస్, తెలుగులో కోటయ్యగా ఎస్.వి. రంగారావు గారి ఒంట్లోకి వచ్చాడు. ఊరు మారింది, మనుషుల పేర్లు మారాయి, మాట మారింది, పాట వచ్చింది. మనుషుల మీద నమ్మకం పోయి ఒంటరిగా బతుకుతున్నవాణ్ణి దిక్కులేని ఒక పసిపిల్ల తిరిగి మనుషుల్లోకి లాక్కొచ్చింది. ఆ ఒక్క కారణం మాత్రం చెక్కుచెదరలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సినిమా చూస్తుంటే పరాయి కథ అని అనిపించదు. నేల మార్చి కూడా నవలకి నిజాయితీగా ఉండొచ్చని నేను నేర్చుకున్నది అక్కడే. అయితే పద్మరాజు గారు నేలని తీసేసి ఊరుకోలేదు. ఆ పల్లె స్థానంలో మన పల్లెని, దాని కట్టుబాట్లతో సహా తెచ్చి పెట్టారు.

"ప్రేక్షకులు ఒప్పుకోరండీ" అని మీలో చాలామంది అంటారు. హీరో ఓడిపోకూడదు, చనిపోకూడదు, ఆఖర్న అందరూ కలవాలి. నేను 1953 'దేవదాసు'ని గుర్తు చేస్తాను. శరత్ నవలలో మనిషి తన పిరికితనం వల్ల పార్వతిని పోగొట్టుకుని, చివరికి ఆమె ఇంటి గుమ్మం ముందు ప్రాణం వదులుతాడు. వేదాంతం రాఘవయ్య గారు ఆ చావుని మార్చలేదు. జనం ఏడ్చారు, మళ్లీ వెళ్లి చూశారు. అక్కినేని నాగేశ్వరరావు గారి పేరు చెబితే మా ఊళ్లో పెద్దవాళ్లకి ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ ఓడిపోయినవాడే. మా అరుగు మీద కథ విన్న ఆడవాళ్లలో సంతకం పెట్టగలిగినవాళ్లు ఇద్దరే. వాళ్లకి కష్టమైన ముగింపు అర్థం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ', 'మీనా', 'జీవన తరంగాలు', రంగనాయకమ్మ గారి 'బలిపీఠం' వరసగా తెరకెక్కాయి. ఆ రోజుల్లో నవల చదివినవాళ్లే ముందు థియేటర్‌కి వెళ్లేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు. వాళ్లు ఊహించుకున్న 'సెక్రటరీ' రాజశేఖరాన్నీ జయంతినీ మీరు తెర మీద వాళ్ల ఎదుట పెడుతున్నారు. ఆ బాధ్యత ఎంత పెద్దదో ఆలోచించండి.

ఈమధ్య వచ్చినవాటిలో 'కొండపొలం' (2021) గురించి ఒక మాట చెప్పాలి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి నవలలో కరువుకి తట్టుకోలేక గొర్రెల్ని నల్లమల అడవికి తోలుకెళ్లే కాపరుల బతుకుంది. చదువుకుని ఉద్యోగం రాక బెరుగ్గా ఉన్న రవికి ఆ అడవే ధైర్యం నేర్పుతుంది. ఆ నవలని తీయాలనుకున్న క్రిష్ గారికి మా లైబ్రరీ పిల్లల తరఫున కృతజ్ఞతలు. ఆ సినిమా చూశాకే ఇద్దరు పిల్లలు పుస్తకం అడిగి తీసుకెళ్లారు. కానీ సినిమాలో ఓబులమ్మ అనే హీరోయిన్ని కొత్తగా చేర్చారు. అమ్మాయి పాత్ర బాగుంది. నాకు అనిపించింది ఏమిటంటే, అడవి నేర్పాల్సిన ధైర్యంలో కొంత భాగం ఆ అమ్మాయి ఖాతాలోకి వెళ్లింది. పులి ఎదురుగా నిలబడ్డ మనిషికి వెనక ప్రేమ ఉంటే అదొక కథ, గొర్రెలు తప్ప ఇంకేమీ లేకపోతే అదొక కథ. రెండోదే సన్నపురెడ్డి గారు రాసింది.

ఇక్కడ చిన్న పక్కమాట. బుచ్చిబాబు గారిది మా ఏలూరు. ఆయన నవల 'చివరకు మిగిలేది' కోసం వచ్చిన పిల్లలు కొందరు, సావిత్రి నటించిన 1960 నాటి 'చివరకు మిగిలేది' ఆ నవలేనని అనుకుంటారు. పేరొక్కటే ఒకటి. ఆ సినిమాకి మూలం ఒక బెంగాలీ సినిమా. ఆ నవలలో దయానిధి మనసులో జరిగేదాన్ని తెర మీదికి ఎలా తేవాలో నాకు తెలియదు. ఎవరైనా తెస్తే చూడాలని మాత్రం ఎంతో ఉంది.

మా డెల్టా నవలలు తీయాలనుకునేవారికి ఇంకొంచెం వివరంగా చెప్పాలని ఉంది. మొక్కపాటి వారి బారిష్టరు పార్వతీశం మొగల్తూరు నుంచి బయల్దేరతాడు. 1940లోనే అతన్ని తెరకెక్కించారు. మళ్లీ ఎవరైనా తీస్తే, ఈ కాలానికి తగ్గట్టు హైదరాబాద్ కుర్రాణ్ణి చేసి విమానం ఎక్కిద్దామన్న ఆలోచన రావచ్చు. అతని తెలివితక్కువతనం మీదే నవ్వు ఆధారపడి ఉంటే అలా చేసినా ఫర్వాలేదు. కానీ మొగల్తూరు, నరసాపురం దాటని ఒక కుర్రాడు, తన ఊరి లెక్కతోనే లోకమంతా కొలుస్తూ, దానికి సిగ్గుపడకుండా సముద్రాలు దాటి వెళ్లడంలో ఆ నవ్వుంది. ఆ నవ్వు వెనక ఎంత ప్రేమ ఉందో మా వైపు చదివినవాళ్లకి తెలుసు. భీమవరంలో పుట్టిన అడివి బాపిరాజు గారి 'నారాయణరావు' సంగతీ అంతే. అందులో కొత్తపేటని కొబ్బరిచెట్ల బ్యాక్‌గ్రౌండ్‌గా మాత్రమే వాడుకుంటే, జమీందారు కూతురికీ నారాయణరావుకీ మధ్య దూరం ఎంతో చూసేవాళ్లకి తెలియదు.

మా ఊళ్లకి చాలామంది షూటింగ్‌కి వస్తారు. కాలువ, కొబ్బరితోట, మండువా లోగిలి, ఏరు దాటించే పంటు మీద ప్రయాణం, సాయంత్రం ఎండలో గోదావరి. అన్నీ అందమైనవే. కానీ మాకు కాలువ అంటే వేసవిలో కట్టేసే కాలువ, నాట్ల వేళ వంతు కోసం కొట్టుకునే కాలువ. పంటు అంటే ఆఖరి ట్రిప్పు దాటిపోతే ఇవతలి ఒడ్డునే ఉండిపోయిన పురిటి మనిషి. సార్వా, అంటే వానాకాలపు వరి మునిగితే దాళ్వా, అంటే రెండో పంట మీద ఆశ పెట్టుకుని, కౌలు ఎలా కట్టాలా అని రాత్రిళ్లు లెక్కలేసుకునే రైతు మా నవలల్లో ఉంటాడు. అతను ఏ అప్పు చేసినా, ఏ అబద్ధం చెప్పినా ఆ నీళ్ల లెక్కలోంచే చెబుతాడు. కెమెరా ఆ లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగితే చాలు, అతను చేసిన తప్పు ప్రేక్షకులకి అర్థమవుతుంది.

మాట గురించి కూడా. గోదావరి యాస అంటే ప్రతి వాక్యం చివర "ఆయ్" అని, మధ్యలో రెండు "అండీ"లు పెట్టడమని చాలా సినిమాలు అనుకుంటున్నాయి. అంతర్వేది దగ్గర వేటకి వెళ్లేవాళ్ల మాట ఒకటి, కొబ్బరి దింపు తీసేవాళ్ల మాట ఇంకొకటి, మా ఇంట్లో మామ్మ మాట మరొకటి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలు తీసి నాలుగు పేజీలు పైకి చదవండి. మర్యాదలో ఎన్ని మెట్లున్నాయో, కోపం ఎంత నెమ్మదిగా బయటికొస్తుందో వినపడుతుంది. డైలాగులు రాసేముందు ఆ ఊళ్లో నాలుగు రోజులుండి వినండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఇక నవల రాసినవాళ్ల హక్కు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని 57వ సెక్షన్ ప్రకారం రచయిత హక్కులు అమ్మేసిన తర్వాత కూడా, రచన తనదేనని చెప్పుకోవచ్చు, తన పేరుకి మచ్చ వచ్చేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకోవచ్చు. హిందీ రచయిత్రి మన్నూ భండారీ గారు తన నవల 'ఆప్ కా బంటీ' మీద తీసిన సినిమా విషయంలో ఈ సెక్షన్ ఆధారంగానే కోర్టుకెళ్లారు. సినిమాకి అవసరమైన మార్పులు చేసుకోవచ్చు గానీ, నవల స్వరూపమే పోయేలా చేయకూడదని 1986లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. చట్టం ఉంది కదా అని మా పల్లెటూరి రచయితలు కోర్టులు ఎక్కలేరు. వాళ్లలో చాలామందికి చేతిలో సరైన కాగితం కూడా ఉండదు. హక్కులు ఎన్నేళ్లకి, ఎక్కడికి ఇస్తున్నారో రాసి ఉండాలని అదే చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. కాలం రాయకపోతే అయిదేళ్లనే లెక్క. దయచేసి ఆ కాగితం వాళ్లకి తెలుగులో రాసి ఇవ్వండి, చదివి వినిపించి సంతకం తీసుకోండి.

టైటిల్స్‌లో నవల పేరు, రాసినవాళ్ల పేరు మొదట్లోనే, ఆగి చదువుకునేంతసేపు వేయండి. ముగింపు మార్చి ఉంటే ఆ మాట కూడా తెర మీద ఒక వాక్యంలో చెప్పండి. "ముగింపు నవలలో వేరుగా ఉంటుంది" అంటే చాలు. అది మీకు చిన్నతనం కాదు. చూసినవాళ్లలో కొందరు ఆ వేరే ముగింపు కోసం పుస్తకం వెతుక్కుంటారు.

వెతుక్కుంటారని ఎందుకు అంటున్నానంటే, నేను చూశాను. మామ్మకి చదివి వినిపించిన ఆ నవల కాపీ ఇప్పుడు మా లైబ్రరీలో ఒక్కటే ఉంది. చాలా ఏళ్ల కిందట చివరి ఎనిమిది పేజీలు ఊడిపోయాయి. పాత పత్రికల్లోంచి దాచిన కత్తిరింపులు మా ఇంట్లో ఉంటే, చూసి నోట్‌బుక్ కాగితాల మీద రాసి, పుస్తకానికి కుట్టాను. పోయిన వేసవిలో తొమ్మిదో క్లాసు అమ్మాయి ఒకతె టీవీలో ఆ సినిమా చూసి వచ్చి పుస్తకం అడిగింది. మూడు రోజులకి తిరిగి తెచ్చింది. "మేడమ్, సినిమాలో ఆవిణ్ణి ఎందుకు కాపాడారు? పుస్తకంలో ఆవిడే ఉండిపోయింది కదా?" అని అడిగింది. అచ్చం మామ్మ అడిగినట్టే. నా దగ్గర సమాధానం లేదు. మీకే రాస్తానని చెప్పాను, రాశాను.

ఆ నవలని మళ్లీ తీయాలని మీలో ఎవరికైనా అనిపిస్తే మా ఊరు రండి. లైబ్రరీ ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తీసి ఉంటుంది. పుస్తకం బయటికి ఇవ్వలేను, ఒక్కటే కాపీ కాబట్టి. ఇక్కడే కూర్చుని చదువుకోవచ్చు. వర్షాకాలంలో వస్తే గట్టు మీదికి తీసుకెళ్లి, కర్ర పాతి నీళ్లు చూసే చోటు చూపిస్తాను.

ఇట్లు,
మీ సినిమాలు మొదటి వారమే చూసే
కోనసీమ తెలుగు మాస్టారమ్మ